జీన్ ఆట్రీ తొలి రికార్డులు, 1929–33: కౌబాయ్ కాకముందు ఏం పాడాడు?

పాతరికార్డులరాజు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఇక్కడ జాజ్, బ్లూస్ మీద బోలెడు చర్చలున్నాయి గానీ కౌబాయ్ పాటల గురించి వెతికితే ఏమీ దొరకలేదు. అందుకే కొత్తది మొదలుపెడుతున్నా.

జీన్ ఆట్రీ అంటే నాకు తెలిసిందల్లా తెల్ల టోపీ, ఛాంపియన్ అనే గుర్రం, క్రిస్మస్‌కి మాల్స్‌లో మోగే ఆ ఎర్రముక్కు రెయిన్‌డీర్ పాట. ఈమధ్య ఒక ఫ్రెండ్ 1996లో వచ్చిన సీడీ ఒకటి ఇచ్చాడు. ఆట్రీ 1929 నుంచి 1931 దాకా పాడినవి. విన్నాక బుర్ర తిరిగింది. గుర్రం లేదు, మైదానం లేదు, వెన్నెల లేదు. జైలు, రైలు, తాగుడు, మొగుణ్ణి ఇంట్లోంచి తరిమేసే పెళ్లాం. కొన్నయితే ఇంట్లో పెద్దవాళ్లుండగా పెట్టలేం. గొంతు మాత్రం అతనిదే.

ఇదేం కథ? ఈ కాలం రికార్డుల గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

సూదిమొన (విశాఖపట్నం)

రాజు గారూ, సరైన చోట చెయ్యి పెట్టారు. నా దృష్టిలో ఆట్రీ పాడినవాటిలో బాగా వినదగ్గవి ఇవే. సినిమాల్లోకి వెళ్లాక వచ్చినవి నున్నగా, తియ్యగా ఉంటాయి, అంతకుమించి ఏమీ ఉండదు. ఈ మాటకి తిట్టేవాళ్లు ఉంటారు, తిట్టండి.

కథ ఏంటంటే, 1907లో టెక్సస్‌లో టయోగా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అసలు పేరు ఓర్వన్ గ్రోవర్ ఆట్రీ. చేసింది పశువులు తోలే ఉద్యోగం కాదు, రైల్వేలో టెలిగ్రాఫ్ ఆపరేటరు. సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో లైను, అందరూ ఫ్రిస్కో అనేవాళ్లు. ఓక్లహోమాలో ఒక్కో స్టేషన్లో రాత్రి డ్యూటీలు. పని లేనప్పుడు గిటార్ వాయించుకుంటూ కూర్చునేవాడు. రైల్వే ఉద్యోగి కాబట్టి పాసు ఉండేది, దాంతో న్యూయార్క్ వెళ్లి రికార్డు కంపెనీల తలుపులు తట్టాడు. మొదటిసారి విక్టర్ వాళ్లు విని, గొంతు బాగుంది గానీ మైకు ముందు అనుభవం చాలదు, కొన్నాళ్లు రేడియోలో పాడి రా అని పంపేశారు. అప్పుడు టల్సాలో కేవీఓఓ (KVOO) రేడియో స్టేషన్లో చేరాడు. 1929 అక్టోబరు 9న విక్టర్‌కే మొదటి రికార్డు ఇచ్చాడు, తోడుగా పాడింది జిమ్మీ లాంగ్. ఈయన కూడా ఫ్రిస్కో రైల్వే మనిషే. ఆ రెండు పాటల్లో ఒకటి అలబామాలో ఇంటి గురించి, ఇంకోటి ప్రేయసి గురించి. కౌబాయ్ అన్న ఊసే లేదు.

అదే నెలాఖర్లో వాల్ స్ట్రీట్ కుప్పకూలింది. ముహూర్తం అలా కుదిరింది.

గుంటూరు_గిటార్

అసలు విషయం దాటేస్తున్నారు సూదిమొన గారూ. ఆ రికార్డులు అప్పటికే పేరుమోసిన గాయకుడు జిమ్మీ రోజర్స్‌కి జిరాక్స్ కాపీలు. రోజర్స్ బ్లూ యోడల్ పాటల్ని (యోడల్ అంటే గొంతుని టక్కున కిందికీ పైకీ ఎగరేస్తూ పాడటం) వరసపెట్టి దింపేశాడు, ముక్కుతో పలికే ఆ పలుకుతో సహా. ఒరిజినల్ దొరుకుతుంటే కాపీ ఎందుకు వినాలి?

సూదిమొన

దాటెయ్యలేదండీ, వస్తున్నా. రోజర్స్ 1927 ఆగస్టులో అమెరికాలోని బ్రిస్టల్‌లో మొదటిసారి రికార్డుకి పాడాడు, ఆ నవంబరులో చేసిన మొదటి బ్లూ యోడల్‌తో విక్టర్ కంపెనీకి డబ్బులే డబ్బులు. మిగతా కంపెనీల దగ్గర రోజర్స్ లేడు. మరి వాళ్లేం చెయ్యాలి? అలా పాడగలిగే ఇంకో కుర్రాణ్ణి తక్కువ డబ్బుకి వెతుక్కోవాలి. ఆ కుర్రాడే ఆట్రీ. కాపీ కొట్టడమే అతని ఉద్యోగం. కొలంబియా తన చవక లేబుళ్లయిన వెల్వెట్ టోన్, హార్మనీ, డివాల కోసం అతనితో పాడించింది సరిగ్గా ఇందుకే. విక్టర్ రికార్డు 75 సెంట్లు, ఇవి అంతకంటే బాగా చవక. జేబులో చిల్లర తప్ప ఏమీ లేని కాలంలో జనం ఏది కొంటారు?

అరుణ_కె (విజయవాడ)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా స్టేజీ నాటకాల పద్యాలు కూడా ఇలాగే కదా, ఒకరి పద్యం హిట్ అయితే ఇంకో కంపెనీ ఇంకొకరితో అదే పద్యం పాడించి రికార్డు వేసేది. దాన్ని ఎవరూ కాపీ అనలేదు. విన్నవాళ్లు ఎవరి రాగాలాపన బాగుందో పోల్చుకుని మురిసిపోయేవాళ్లు.

గుంటూరు_గిటార్

పద్యం వేరమ్మా, అక్కడ పాడేవాళ్లు తమ బాణీ పెట్టేవాళ్లు. ఇక్కడ యోడలింగ్ ఎక్కడ మొదలవుతుందో, గిటార్ బేస్ రన్ ఎక్కడ పడుతుందో అన్నీ దించేశాడు. నేను రెండూ పక్కపక్కన పెట్టుకుని వాయించి చూశాను. తేడా ఒక్కటే. రోజర్స్ తాళాన్ని ఇష్టమొచ్చినట్టు లాగుతాడు. లైన్ చివర ఊపిరి ఉన్నంతసేపు సాగదీస్తాడు, గిటార్ కూడా అతని కోసం ఆగి, మళ్లీ అందుకుంటుంది. ఆట్రీ అలా చెయ్యడు, లెక్క తప్పడు. నాకు రోజర్స్ పద్ధతే ఇష్టం గానీ, పక్కన ఇంకొకరు వాయించాలంటే ఆట్రీతోనే సులువు. ఫ్రాంకీ మార్విన్ స్టీల్ గిటార్ అంత హాయిగా వచ్చి కూర్చోవడానికి అదే కారణం.

సూదిమొన

చూశారా, మీరే నా పాయింట్ చెప్పేశారు. ఆ లెక్క తప్పకపోవడమే తర్వాత అతన్ని రేడియోలో, సినిమాలో నిలబెట్టింది.

ఫ్రాంకీ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఫ్రాంకీ, అతని అన్న జానీ మార్విన్ ఓక్లహోమా వాళ్లు. జానీ అప్పటికే న్యూయార్క్‌లో పేరున్న గాయకుడు. ఊరి కుర్రాడని ఆట్రీకి దారి చూపించింది ఈ అన్నదమ్ములే.

ప్లానో_వాసు (టెక్సస్)

అందరికీ హాయ్. మేముండేది డాలస్ పక్కన, టయోగా ఇక్కడికి ఉత్తరాన గంట పైచిలుకు డ్రైవ్. ఓక్లహోమాలో జీన్ ఆట్రీ అనే ఊరు కూడా ఉంది, ముందు దాని పేరు బెర్విన్. పక్కనే అతను పశువుల క్షేత్రం కొంటే ఊరివాళ్లు 1941 నవంబరులో అతని పేరు పెట్టుకున్నారు. ఇక్కడి యాంటిక్ షాపుల్లో పాత రికార్డుల అట్టపెట్టెల్లో ఆట్రీవి తరచూ కనిపిస్తాయి. ఎక్కువగా నలభైల నాటివి. ముప్ఫైల ముందువి చాలా తక్కువ.

అప్పటి పేరుమోసిన హాస్యనటుడు విల్ రోజర్స్ కథ ఎవరూ చెప్పలేదేం? ఓక్లహోమాలో చెల్సీ అనే ఊరి టెలిగ్రాఫ్ ఆఫీసుకి ఒక రాత్రి విల్ రోజర్స్ టెలిగ్రాం ఇవ్వడానికి వచ్చి, ఆట్రీ పాట విని, నువ్వు ఇక్కడ ఉండాల్సినవాడివి కాదు, రేడియోకి వెళ్లు అన్నాడట. ఇక్కడ అందరూ చెప్పుకునే కథ.

సూదిమొన

వాసు గారూ, ఆ కథ చెప్పింది ఆట్రీయే, చెప్పినప్పుడల్లా కొంచెం కొంచెం పెరిగింది కూడా. విల్ రోజర్స్ 1935లోనే విమాన ప్రమాదంలో పోయాడు, ఇంక అడిగేదెవర్ని? జరిగే ఉండొచ్చు. కానీ స్టార్ అయ్యాక స్టూడియో పబ్లిసిటీవాళ్ల చేతిలో పడ్డ ఏ కథనైనా కొంచెం ఉప్పు తగ్గించుకుని తినాలి.

రాగమాలిక77

విల్ రోజర్స్, జిమ్మీ రోజర్స్, ఇంకా రాయ్ రోజర్స్. ఈ పేర్లతో నాకు పిచ్చెక్కుతోంది 😅

గుంటూరు_గిటార్

రాయ్ రోజర్స్ అసలు పేరు లెనర్డ్ స్లై. అది సినిమా పేరు. చుట్టరికాలేమీ లేవు, ప్రశాంతంగా పడుకోండి.

పాతరికార్డులరాజు

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, థాంక్స్. ఒక డౌటు. సీడీతో వచ్చిన చిన్న పుస్తకంలో వేరే పేర్లు కూడా ఉన్నాయి. ఒకే మనిషి అన్ని పేర్లతో ఎందుకు పాడాడు?

సూదిమొన

ఇదే అసలు మజా ఉన్న భాగం. 1929 చివరినుంచి 1931 దాకా ఆట్రీ ఏ ఒక్క కంపెనీకీ కట్టుబడి లేడు. విక్టర్, కొలంబియా, ఇండియానాలో జెన్నెట్, బోస్టన్ వాళ్ల గ్రే గల్, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లి పాడాడు. గ్రే గల్ రికార్డుల మీద శామ్ హిల్. ఓకే (Okeh) అనే లేబుల్ మీద జానీ డాడ్స్. ఇంకో చోట ఓవర్టన్ హ్యాట్‌ఫీల్డ్. విక్టర్ వాళ్ల చవక లేబుల్ మీద జీన్ జాన్సన్. బాబ్ క్లేటన్ అని కూడా ఉంది. ఒక్కోసారి ఒకే పాట రెండు మూడు కంపెనీలకి పాడాడు, సొంత పేరుతో ఒకరికి, మారుపేరుతో ఇంకొకరికి.

జానీ డాడ్స్‌తో జాగ్రత్త. అదే పేరుతో న్యూ ఓర్లీన్స్ క్లారినెట్ విద్వాంసుడు ఒకాయన నిజంగా ఉన్నాడు, చాలా పెద్దవాడు. నెట్‌లో వెతికితే క్లారినెట్టే వస్తుంది. ఓకే లేబుల్ మీద జానీ డాడ్స్ పేరుతో కౌబాయ్ యోడల్ అని ఉంటే అది మనవాడు. కౌబాయ్ అన్న మాట అతని రికార్డు మీద కనిపించిన తొలి సందర్భాల్లో ఇదొకటి, అది కూడా వేరేవాడి పేరు మీద!

జెన్నెట్ స్టూడియో గురించి ఒక ముక్క. ఇండియానాలో రిచ్‌మండ్ అనే ఊళ్లో, పియానో ఫ్యాక్టరీ ఆవరణలో ఉండేది. పక్కనే రైలు పట్టాలు. రైలొస్తే రికార్డింగ్ ఆపేసి కూర్చోవాలి. ఫ్రిస్కో ఉద్యోగికి అది అలవాటైన చప్పుడే అనుకోండి.

అరుణ_కె

నాకు అసలు నచ్చిన పాట గురించి ఎవరూ మాట్లాడలేదు. మదర్ జోన్స్ చనిపోయినప్పటి పాట. 1931 ఫిబ్రవరిలో పాడాడు. మదర్ జోన్స్ అంటే బొగ్గు గని కార్మికుల కోసం ఊరూరా తిరిగి సమ్మెలు నడిపించిన ముసలమ్మ, 1930 నవంబరు 30న పోయింది. ఇల్లినాయ్‌లో గని కార్మికుల శ్మశానంలోనే పాతిపెట్టమని అడిగింది, అలాగే చేశారు. తర్వాత బేస్‌బాల్ టీమ్, రేడియో స్టేషన్లు కొని అమెరికాలో పెద్ద ధనవంతుల్లో ఒకడైన మనిషి, ఇరవై మూడేళ్ల వయసులో ఒక యూనియన్ నాయకురాలి మీద ఏడుపు పాట పాడాడంటే వింతగా లేదూ?

వినడానికి చాలా సాదాగా ఉంటుంది. యోడలింగ్ లేదు, సరసాల్లేవు. గిటార్ ఒకటే ఊగులో నడుస్తుంది, గొంతు ఎక్కడా పెంచడు. మా వైపు బుర్రకథలో అల్లూరి మరణం ఘట్టం రాగానే కథకుడు ఒక్కసారి గొంతు తగ్గిస్తాడు చూడండి, ఆ తీరు.

గుంటూరు_గిటార్

ఈ ఒక్క పాటకి నేనూ ఓటేస్తా. ఇది రోజర్స్ కాపీ కాదు. అయితే కార్మికుల మీద ప్రేమతో పాడాడని మాత్రం అనుకోకండి. కంపెనీ చేతికిచ్చిన కాగితం పాడి ఉంటాడు. ఎవరైనా పేరున్నవాళ్లు చచ్చిపోతే వెంటనే పాట వెయ్యడం అప్పటి వ్యాపారం. 1933 మే 26న జిమ్మీ రోజర్స్ క్షయతో పోయాడు, కొన్ని వారాల్లోనే రోజర్స్ మరణం మీద ఆట్రీ పాట రికార్డయింది. గురువుగారి చావు కూడా అమ్మేశాడు.

అరుణ_కె

అమ్మేది కంపెనీ, పాడేది మనిషి. కాగితం ఎవరిచ్చినా గొంతులో ఉన్నది గొంతులో వినిపిస్తుంది. ఇక్కడ మనిద్దరికీ కుదరదులెండి.

నిర్వాహకుడు

చర్చ బాగుంది, కొనసాగించండి. ఒక్క మనవి: పూర్తి పాటల ఫైళ్లు ఇక్కడ అప్‌లోడ్ చెయ్యకండి. నిన్న ఇద్దరు పెట్టినవి తీసేశాను.

ప్లానో_వాసు

వందేళ్ల నాటి పాటలకి కూడా కాపీరైటా?

సూదిమొన

మీ దేశంలో ఉంది వాసు గారూ. 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1923 నుంచి 1946 దాకా విడుదలైన రికార్డింగులకి వందేళ్లు. కాబట్టి 1929లో విడుదలైనది 2030 జనవరి 1న బయటికొస్తుంది. ఇండియాలో సౌండ్ రికార్డింగ్‌కి 60 ఏళ్లే. కానీ సాహిత్యం, బాణీ లెక్క వేరు, రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లు. ఆట్రీ పోయింది 1998లో. అందుకే నిర్వాహకుడు గారు తీసెయ్యడం కరెక్టే.

పాతరికార్డులరాజు

సరే, అసలు ప్రశ్న ఇంకా మిగిలిపోయింది. ఈ బ్లూస్ కుర్రాడు కౌబాయ్ ఎప్పుడయ్యాడు? ఎవరు చేశారు?

సూదిమొన

రేడియో, పోస్టల్ కేటలాగు కలిసి చేశాయి.

ఆర్ట్ సాథర్లీ అని అమెరికన్ రికార్డ్ కార్పొరేషన్‌లో పెద్దాయన. ఈయన అమెరికన్ కూడా కాదు, ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌లో పుట్టినవాడు. అంతకుముందు విస్కాన్సిన్‌లో కుర్చీల కంపెనీ నడిపిన పారామౌంట్ లేబుల్‌లో బ్లూస్ రికార్డులు అమ్మాడు. ఈ ఏఆర్‌సీ వ్యాపారం వింతగా ఉండేది. ఒకే పాట బ్యానర్, ఓరియోల్, రోమియో, పర్ఫెక్ట్, కాంకరర్ అని రకరకాల లేబుళ్ల మీద వేసేవాళ్లు. ఓరియోల్ ఒక చిల్లర దుకాణాల గొలుసుకి, రోమియో ఇంకో గొలుసుకి, కాంకరర్ పోస్టులో సరుకులమ్మే సియర్స్ రోబక్ కంపెనీ కేటలాగుకి. 1927లో అమెరికాలో పది కోట్లకి పైగా అమ్ముడైన రికార్డులు 1932కి 60 లక్షలకి పడిపోయాయని అంటారు. అలాంటప్పుడు పల్లెటూరి రైతు ఇంటికి నేరుగా చేరే కేటలాగు ఒక్కటే దిక్కు.

షికాగోలో డబ్ల్యూఎల్‌ఎస్ స్టేషన్ పెట్టింది సియర్స్ వాళ్లే. ఆ అక్షరాల అర్థమే ప్రపంచంలోకెల్లా పెద్ద దుకాణం అని. 1928లో దాన్ని ఒక వ్యవసాయ పత్రికకి అమ్మేశారు గానీ వ్యాపార సంబంధం పోలేదు. 1931 చివర్లో ఆట్రీ అక్కడ పొద్దున్నే కాంకరర్ రికార్డుల కార్యక్రమంలో పాడటం మొదలుపెట్టాడు, శనివారం రాత్రి నేషనల్ బార్న్ డాన్స్ అనే రేడియో షోలో కూడా. పాట విన్న రైతు కేటలాగు తీసి రికార్డు ఆర్డరిస్తాడు. ఇంకో పేజీ తిప్పితే జీన్ ఆట్రీ రౌండప్ అని అతని పేరుతో గిటార్, పది డాలర్ల లోపే. సియర్స్‌కి కావలసింది బ్లూస్ పాడే తాగుబోతు కాదు కదా. పిల్లలున్న ఇళ్లలో అమ్ముడుపోయే మంచి అబ్బాయి కావాలి. టోపీ, బూట్లు, టెక్సస్ కబుర్లు అలా వచ్చాయి.

ప్లానో_వాసు

అంటే రేడియోలో టోపీ కనపడకపోయినా టోపీ పెట్టించారన్నమాట.

సూదిమొన

ఫొటోలు అమ్మేవాళ్లండీ. పాటల పుస్తకాలు కూడా.

గుంటూరు_గిటార్

నిజం కౌబాయ్‌లకి అన్యాయం జరిగిందనేది నా బాధ. పశువుల మధ్య బతికిన జూల్స్ వర్న్ ఆలెన్ 1928, 29లో విక్టర్‌కి పాడాడు. అంతకుముందే 1925లో కార్ల్ స్ప్రేగ్ ఉన్నాడు. ఇద్దరి పాటలూ ఎండలో తిరిగొచ్చిన గొంతుల్లా ఉంటాయి. వాళ్ల పేర్లు ఎవరికీ తెలీదు, టెలిగ్రాఫ్ గుమస్తాకి మాత్రం హాలీవుడ్ ఫుట్‌పాత్ మీద ఐదు స్టార్లు.

రాగమాలిక77

మన కృష్ణ గారు ఏ పశువులు తోలారని తెలుగువాళ్లు కౌబాయ్‌గా ఒప్పుకున్నారు? 😀

పాతరికార్డులరాజు

హహహ. ఇది గెలిచే పాయింటు.

లాలాగూడ_లోకో (సికింద్రాబాద్)

ఇప్పుడే చూశాను ఈ చర్చ. మా నాన్నగారు రైల్వే వర్క్‌షాపులో చేసేవారు, మా లైన్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఒకరింట్లో గ్రామఫోన్ మోగేది. ఎక్కువగా జిమ్ రీవ్స్, కానీ అంతకంటే పాతవి కూడా. వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఇచ్చిన కట్టలో రీగల్ జోనోఫోన్ లేబుల్ మీద ఆట్రీ రికార్డు ఒకటి ఉంది. తెరిచి చూశాను, అంచు కొంచెం విరిగింది. మొదట్లో రెండు మూడు గీతలు పోయాయి, తర్వాత బాగానే పాడుతుంది. ఇద్దరు మగవాళ్లు కలిసి పాడుతున్నారు, ఒకటి పైస్థాయి గొంతు. తండ్రి నెరిసిన జుట్టు గురించి.

సూదిమొన

అయ్యా! అది ఊరికే రికార్డు కాదు, చర్చంతా మనం చుట్టూ తిరుగుతున్నది దాని గురించే. వెండి జుట్టు నాన్న పాట. 1931 అక్టోబరు 29న న్యూయార్క్‌లో ఆట్రీ, జిమ్మీ లాంగ్ కలిసి ఏఆర్‌సీకి పాడారు, రాసుకున్నదీ వాళ్లిద్దరే. ఆ పైస్థాయి గొంతు లాంగ్‌ది. ఈ పాటే ఆట్రీని బ్లూస్ నుంచి పూర్తిగా బయటికి లాగింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో లాంగ్ మేనకోడలు ఐనా మే‌ని పెళ్లి చేసుకున్నాడు, అంటే జంటగాయకుడు కాస్తా మామగారి వరసయ్యాడు.

ఇంకో సంగతి. ఇది కౌబాయ్ పాట కాదు, కొడుకు తండ్రికి చెప్పుకునే క్షమాపణ. అయినా కౌబాయ్‌గా అతనికి పేరొచ్చింది దీంతోనే. 1934లో కౌబాయ్ హీరో కెన్ మేనార్డ్ సినిమాలో కాసేపు కనిపించి పాడే ఛాన్సు రావడానికి ఈ రికార్డు, రేడియో తెచ్చిన పేరే కారణం. ఏడాది తిరిగేసరికి తనే హీరో.

లేబుల్ మీద మేడిన్ ఇండియా ఉందేమో చూడండి. ఉంటే కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీ సరుకు. లేబుల్‌కి, గాడులకి మధ్య నున్నటి జాగాలో చేత్తో గీసినట్టో, ముద్ర కొట్టినట్టో అంకెలుంటాయి. వెలుతుర్లో ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. అవి మాట్రిక్స్ నంబరు (ఆ రికార్డింగుకి కంపెనీ ఇచ్చిన అంకె), టేకు (ఎన్నోసారి పాడినదో). లేబుల్ మీద పేరు అబద్ధం చెప్పొచ్చు, ఆ అంకెలు చెప్పవు. శామ్ హిల్లూ ఆట్రీయూ ఒకడేనని తేల్చడానికి కలెక్టర్లకి పనికొచ్చినవాటిలో ఇదీ ఒకటి.

లాలాగూడ_లోకో

సాయంత్రం టార్చ్ వేసి చూస్తా. డిజిటల్‌లోకి ఎక్కించాలంటే నా దగ్గర మామూలు ఎల్పీ ప్లేయరే ఉంది. పెట్టొచ్చా?

గుంటూరు_గిటార్

వద్దు! ఎల్పీ సూది సన్నగా ఉంటుంది, 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు) గాడి అడుగుకి పోయి దుమ్మంతా దువ్వుతుంది, చప్పుడు తప్ప పాట రాదు. 78 కోసం మూడు మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) స్టైలస్ వేరే అమ్ముతారు. స్పీడు కూడా సరిగ్గా 78 అని నమ్మకండి, అప్పటి స్టూడియోల్లో కొంచెం అటూ ఇటూ ఉండేది. గిటార్ చేతిలో పట్టుకుని ఏ కీలో పడుతుందో చూసి సరిచెయ్యండి. రెండు కీల మధ్యలో ఎక్కడో ఉందంటే స్పీడు తప్పిందని. మీరు సికింద్రాబాదే కదా, రాజు గారి దగ్గర సరైన ప్లేయరు ఉండే ఉంటుంది.

పాతరికార్డులరాజు

ఉంది, రండి లోకో గారూ. దార్లో విరిగిన అంచు పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని తీసుకురండి, బైకు డిక్కీలో పడుకోబెట్టకండి. రెండో వైపు ఏం పాటుందో చెప్పలేదు మీరు?

లాలాగూడ_లోకో

రెండో వైపు కూడా అతనే అనుకుంటా, లేబుల్ సగం చిరిగింది. యోడలింగ్ ఉంది. గుంటూరు గారికి నచ్చదు 🙂